చేయి ముందు పోతుంది, తలపు తర్వాత వస్తుంది

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఉన్న మన తెలుగువాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి. ఒకరు ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపి నలిపి బుగ్గలో పెట్టుకునేది) గురించి, ఒకరు మందు గురించి, ఒకరు ఫోన్ గురించి రాశారు. అడిగిన తీరు వేరైనా అందరి బాధా ఒకటే, వద్దనుకుంటూనే చేసేస్తున్నాం అని. అందుకే ఈ నెల పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారూ నమస్తే. నాది బల్లార్షా, బొగ్గు గనిలో డంపర్ నడుపుతాను. మా తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఖర్రా చాలా ఏళ్ల నుంచి అలవాటు. నా సమస్య ఏంటంటే, తినాలని అనుకుని తినడం లేదు. షిఫ్ట్ దిగి బైక్ స్టార్ట్ చేసేసరికి బుగ్గలో ఉంటుంది. ఎప్పుడు పొట్లం విప్పానో కూడా గుర్తుండదు. ఇంట్లోవాళ్లు "నీకు మనసు గట్టిగా లేదు" అంటారు. నిజంగా నేను అంత బలహీనుణ్ణా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ మాట పక్కన పెట్టు. నీ ఉత్తరంలో నాకు కనిపించింది బలహీనత కాదు, బాగా పాతుకున్న అలవాటు ఎలా పనిచేస్తుందో అది. డంపర్ నేర్చుకున్న కొత్తలో క్లచ్, గేరు, అద్దం ఒక్కొక్కటీ ఆలోచించి చేసి ఉంటావు, ఇప్పుడు మాట్లాడుతూనే మలుపు తిప్పేస్తున్నావు కదా. 1977లో అమెరికాలో రిచర్డ్ షిఫ్రిన్, వాల్టర్ ష్నైడర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడాని ప్రయోగాలతో చూపించారు. కొన్ని పనులు ధ్యాస పెట్టి నెమ్మదిగా చేస్తాం, వాటినే ఒకే తీరుగా వేలసార్లు చేశాక ధ్యాస లేకుండా జరిగిపోతాయి, అలా ఒకసారి మొదలైతే మధ్యలో ఆపడం కూడా కష్టం. 1990లో స్టీఫెన్ టిఫనీ అనే ఇంకో మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఆలోచనని మత్తు అలవాట్లకి తీసుకొచ్చాడు. అప్పటిదాకా ఎక్కువమంది అనుకున్నది ముందు యావ పుడుతుంది, ఆ యావే మనిషిని తోస్తుంది, అప్పుడు వాడు తింటాడో తాగుతాడో అని. టిఫనీ ఏమన్నాడంటే, బాగా అలవాటు పడ్డవాడికి యావతో పని లేకుండానే అంతా అయిపోతుంది, ఆ వరసకి ఎక్కడైనా అడ్డం తగిలినప్పుడే యావ బయటపడుతుంది అని.

ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు. పాన్ ఠేలా తెరిచి ఉండి, జేబులో పొట్లం ఉన్నంతసేపూ నీకు ఏ గొడవా లేదు. ఠేలా మూసేసిన రోజునో, నైట్ షిఫ్ట్‌లో పొట్లం అయిపోయినప్పుడో చూడు, తల పట్టేస్తుంది, చిరాకు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు, అప్పుడే కదా నీకు ఖర్రా గుర్తుకొచ్చేది!

కాబట్టి నీ సంకల్పం చెడ్డది కాదు, దానికి కబురు ఆలస్యంగా అందుతోంది. తెలియకుండా అయిపోయే పనిని ఎంత గట్టి మనసైనా ఎక్కడ పట్టుకుంటుంది? మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ అంటున్నది ఇక్కడే పనికొస్తుంది, ఆ పని జరుగుతున్నప్పుడే అది జరుగుతోందని తెలుసుకోవడం. పెద్ద ధ్యానంగా ఊహించుకోకు.

మొదటి వారం ఖర్రా మానొద్దు. నిజంగానే చెబుతున్నాను, మానొద్దు. పొట్లం మాత్రం రోజూ పెట్టే జేబులో కాకుండా టిఫిన్ బ్యాగ్ అడుగున పెట్టు. చేయి పాత జేబులోకి పోయి ఖాళీగా తగిలినప్పుడు నీకు ఎరుక వస్తుంది, ఆ క్షణమే మనకి కావాలి. అప్పుడు ఎక్కడున్నావు, ఎవరు పక్కన ఉన్నారు, ఏం పని అయిపోయింది, నోట్లో, దవడలో, ఛాతీలో ఏమనిపిస్తోంది, అంతవరకు గమనించు. ఆ తర్వాత తింటే తిను. వారం అయ్యేసరికి నీ వరస నీకే కనిపిస్తుంది. షిఫ్ట్ దిగడం, చేయి కడుక్కోవడం, ఫలానా దోస్తు "లే, ఖర్రా" అనడం, ఇవి కనిపించాక వాటిల్లో ఒకటి మార్చడం సులువు. చుట్టూ ఉన్నవాటికి ఎంత బలం ఉందో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల మీద లీ రాబిన్స్ చేసిన అధ్యయనంలో తేలింది. అక్కడ ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు హెరాయిన్ లాంటి మత్తుకు బానిసలై ఉన్నా, ఇంటికొచ్చాక మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు చాలా కొద్దిమంది. ఊరు, మనుషులు, రోజు గడిచే తీరు అన్నీ మారిపోయాయి కదా. నువ్వు బల్లార్షా వదిలి పోలేవు, ఇంటికెళ్లే దారి మాత్రం మార్చుకోగలవు.

రెండో వారం నుంచి యావ వచ్చినప్పుడు దాంతో కొట్లాడకుండా, దాని మాట వినకుండా, అది ఒంట్లో ఎక్కడ ఎలా ఉందో చూస్తూ ఊపిరి గమనిస్తూ ఉండు. అది పెరుగుతుంది, ఒక దశకి వచ్చి తగ్గుతుంది, మామూలుగా కొన్ని నిమిషాల పనే. అమెరికాలోని సియాటిల్‌లో అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన దగ్గరికి వచ్చేవాళ్లకి దీన్ని అల మీద తేలడం అని నేర్పేవాడు. ఇంకో మాట, ఒంటికి నికోటిన్ అలవాటైపోయింది కాబట్టి ఒట్టి ఎరుకతోనే నెట్టుకురావాలని పంతం వద్దు. మెడికల్ షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది, డాక్టర్‌ని అడిగి వాడు. బబుల్‌గమ్‌లాగా ఆపకుండా నమలకు, కాస్త నమిలి చురుక్కుమన్నాక బుగ్గలో పెట్టి వదిలేయాలి. నోరు సరిగా తెరుచుకోకపోతే గమ్ కష్టం, అప్పుడు చర్మానికి అంటించే నికోటిన్ ప్యాచ్ గురించి అడుగు. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వ ఫోన్ నంబరు 1800-11-2356, ఉచితం. గుట్కా, సిగరెట్ ప్యాకెట్ల మీద ఈ నంబరు వేస్తారు, ఠేలా దగ్గర అప్పటికప్పుడు ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇచ్చే ఖర్రాకి ప్యాకెట్టూ లేదు, హెచ్చరికా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రశ్న: చంద్రపూర్‌లో డిగ్రీ చదువుతున్నాను, సైకాలజీ ఒక సబ్జెక్టు. మైండ్‌ఫుల్‌నెస్ చేస్తే ఏ వ్యసనమైనా పోతుందని వీడియోల్లో చెబుతున్నారు. మా సార్ మాత్రం అదంతా ఫ్యాషన్ అంటున్నారు. అసలు పరిశోధనల్లో ఏం తేలింది మేడమ్?

జవాబు: ఇద్దరూ తొందరపడ్డారు. ఇది నేను ఎంతో ఇష్టంగా చదివే విషయం కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదువు.

ఈ పద్ధతి ఆసుపత్రిలోకి వచ్చింది 1979లో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ చేతుల మీదుగా. తగ్గని నొప్పులు, టెన్షన్ ఉన్నవాళ్ల కోసం పెట్టిన 8 వారాల శిక్షణ అది, వ్యసనాల కోసం కాదు. వ్యసనాల వైపు తెచ్చినవాళ్లలో ముఖ్యుడు మార్లట్. ఆయన బృందం సియాటిల్ దగ్గరి ఒక జైల్లో 10 రోజుల విపశ్యన అనే ధ్యాన కోర్సు చేసిన ఖైదీలని గమనించి 2006లో ఫలితాలు అచ్చువేసింది. విడుదలైన 3 నెలలకి కోర్సు చేసినవాళ్లు మందు, గంజాయి, కొకైన్ తక్కువగా వాడారు. అయితే కోర్సులో చేరింది ఇష్టపడి ముందుకొచ్చినవాళ్లే, చీటీలు వేసి ఎంచినవాళ్లు కాదు, కాబట్టి మార్పు కోర్సు వల్ల వచ్చిందా, మారాలన్న పట్టుదల వల్ల వచ్చిందా అని అడిగితే తేల్చి చెప్పలేం. మరుసటి ఏడాది అదే బృందం ఇంకొంచెం లోతుకి వెళ్లి చూసింది. కోర్సు చేసినవాళ్లు తలపుల్ని అణచిపెట్టడం తగ్గించారనీ, మందు తగ్గడానికి అది కొంతవరకు కారణమనీ తేలింది. అణచిపెడితే ఏమవుతుందో డేనియల్ వెగ్నర్ 1987లోనే చూపించాడు. తెల్ల ఎలుగుబంటి గురించి 5 నిమిషాలు ఆలోచించొద్దని చెప్పినవాళ్లకి అది మాటిమాటికీ గుర్తొచ్చింది, ఆ తర్వాత ఆలోచించొచ్చు అని వదిలేస్తే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్ల కంటే ఎక్కువ సార్లు గుర్తొచ్చింది. మందు తలపుని తొక్కిపెట్టేవాడికీ జరిగేది అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించే ఫలితం. 2009లో సారా బోవెన్, మార్లట్ కలిసి సిగరెట్ తాగే 123 మంది కాలేజీ విద్యార్థులకి సిగరెట్ చూపించి యావ పుట్టించారు, అందులో కొందరికి ఆ యావని గమనించడం నేర్పారు. తర్వాతి 7 రోజుల్లో నేర్చుకున్నవాళ్లు తక్కువ సిగరెట్లు తాగారు. మరి వాళ్లకి యావ తగ్గిందా అంటే, లేదు! రెండు గుంపుల్లోనూ యావ ఒకేలా ఉంది. యావ ఉంది, చేయి పోలేదు. బ్రయన్ ఓస్టాఫిన్ చేసిన అధ్యయనాలు కూడా ఇటే చూపిస్తున్నాయి. కంప్యూటర్ మీద మాటలు, బొమ్మలు చూపించి మనిషి ఎంత త్వరగా స్పందిస్తాడో కొలిస్తే, నోటితో ఒప్పుకోకపోయినా లోపల మందు వైపు ఎంత మొగ్గు ఉందో తెలుస్తుంది. మామూలుగా ఆ మొగ్గు ఎక్కువున్నవాళ్లు ఎక్కువ తాగుతారు. తమలో వచ్చే అనుభవాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోగలిగేవాళ్లలో మాత్రం ఆ సంబంధం పలచబడింది. 2008లో ఒకటి, 2012లో ఒకటి, రెండూ ఇదే చెప్పాయి. లోపలి గుంజుడు అలాగే ఉన్నా అది చేతి దాకా రావడం తగ్గుతుంది. మైండ్‌ఫుల్‌నెస్ చేస్తే కోరికలే పుట్టవని చెప్పేవాళ్ల మాట నమ్మవద్దు, పాపం అది నమ్మినవాడు మూడో రోజు యావ రాగానే "నాకు పనిచేయలేదు" అని వదిలేస్తాడు.

ఇక చికిత్సగా పెట్టి చూసినవి. 2011లో యేల్ విశ్వవిద్యాలయంలో జడ్సన్ బ్రూయర్ బృందం పొగతాగేవాళ్లకి 4 వారాల శిక్షణ ఇచ్చి, అక్కడ బాగా పేరున్న ఇంకో మానిపించే కార్యక్రమంతో పోల్చింది. 17 వారాలకి మైండ్‌ఫుల్‌నెస్ గుంపులో 31 శాతం, రెండో గుంపులో 6 శాతం సిగరెట్‌కి దూరంగా ఉన్నారు. 2014లో బోవెన్ బృందం, వ్యసనానికి చికిత్స పూర్తయిన 286 మందిని మూడు గుంపులు చేసి ఏడాదిపాటు చూసింది, మూడో గుంపుకి ఎప్పుడూ ఇచ్చే చికిత్సే. 6 నెలలకి మైండ్‌ఫుల్‌నెస్, మళ్లీ జారకుండా ఇచ్చే మామూలు శిక్షణ (రిలాప్స్ నివారణ) రెండూ సమానంగా మేలు చేశాయి, 12 నెలలకి మైండ్‌ఫుల్‌నెస్ గుంపు కొంచెం ముందుంది. చదువుతుంటే ఉత్సాహంగా ఉంది కదా? ఇక్కడే ఆగిపోతే మనమూ ఆ వీడియోల వాళ్లలో కలిసిపోతాం. 2022లో, వైద్య అధ్యయనాలని కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ పొగ మానడం మీద 21 అధ్యయనాలు, 8,186 మంది లెక్కలు కలిపి చూసి, మిగతా పద్ధతుల కంటే మైండ్‌ఫుల్‌నెస్ ఎక్కువమందిని మానిపిస్తుందని చెప్పడానికి స్పష్టమైన ఆధారం లేదంది. చిన్న గుంపుల్లో బాగా కనిపించినవి పెద్ద గుంపుల్లో అంతగా నిలవకపోవడం వైద్య పరిశోధనలో మామూలే. నా అభిప్రాయం అడిగితే, ఇది పనిచేసే తీరు అర్థవంతంగా ఉంది, ఖర్చు లేదు, మిగతా చికిత్సతో కలిపి వాడదగినది, దానికి బదులుగా కాదు. మీ సార్‌కి ఈ అధ్యయనాలు చూపించి క్లాసులో చర్చ పెట్టమని అడుగు.

ప్రశ్న: మేము చర్చికి వెళ్లేవాళ్లం. ఈ ధ్యానం చేస్తే మా విశ్వాసానికి అడ్డమా? ఒకరు ఇగత్‌పురి విపశ్యన కేంద్రానికి పొమ్మంటున్నారు. – రాజురా నుంచి

జవాబు: ఈ ధ్యానం పుట్టుక బౌద్ధ సాధనలోనే, అది దాచాల్సిన విషయం కాదు. కానీ ఆసుపత్రుల్లో నేర్పేదాంట్లో మంత్రం, దేవుడి పేరు ఉండవు, ఊపిరి, ఒళ్లు, తలపు గమనించడమే. మీ ప్రార్థనకి ముందు కాసేపు కూర్చుని చేసుకున్నా ఇబ్బంది లేదు. ఇగత్‌పురిలో ఎస్.ఎన్. గోయెంకా పరంపరలో జరిగేది వేరు. 10 రోజులు మౌనం, రోజులో చాలా గంటలు కూర్చోవడం, కఠినమైన పద్ధతి. తాగుడు నిన్న మొన్ననే మానినవాళ్లు, మనసుకి సంబంధించిన పెద్ద జబ్బుకి మందులు వాడుతున్నవాళ్లు నేరుగా అక్కడికి పోవద్దు. ముందు డాక్టర్‌తో మాట్లాడి, దరఖాస్తులో దాచకుండా రాయండి.

ప్రశ్న: అక్కా, మాది సిరొంచ. మా గడ్చిరోలి జిల్లాలో దారు బంద్ అయినా మా ఆయన వంతెన దాటి అవతల తెలంగాణకి పోయి తాగి వస్తాడు. రోజూ పొద్దున్నే చేతులు వణుకుతాయి, కొంచెం పడితేగాని ఆగవు. రెండుసార్లు దేవుడి ముందు ఒట్టు వేసి మానాడు, ఎవరింట్లోనో పెళ్లిలో ఒక్క గ్లాసు తాగాడు, ఇక అంతే, మునుపటి కంటే ఎక్కువైంది. ఈసారి ఇంట్లో పెట్టి తాళం వేసి మాన్పిద్దామని మా మామయ్య అంటున్నాడు. ధ్యానం నేర్పితే కుదురుతాడా?

జవాబు: చెల్లీ, తాళం వేయనివ్వకు. ఇది అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట. పొద్దున్నే చేతులు వణికి, తాగితేనే ఆగుతున్నాయంటే ఒళ్లు మందుకు అలవాటైపోయింది. అలాంటి మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, ఊరు పేరు తెలియకపోవడం, ఒళ్లు కాలిపోవడం మొదలవచ్చు, అది ప్రాణం తీయవచ్చు. డాక్టర్లు దీనికి కొన్ని రోజులు మాత్రలిచ్చి, బి1 విటమిన్ ఇచ్చి, కళ్లెదుట పెట్టుకుని మాన్పిస్తారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది, ఎవరిని కలవాలో తెలియకపోతే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, తెలుగులో మాట్లాడతారు. ధ్యానం సంగతి ఆ తర్వాత.

ఆ పెళ్లిలో గ్లాసు విషయం. మార్లట్, జుడిత్ గోర్డన్ 1985లో తమ పుస్తకంలో దీని గురించే వివరంగా రాశారు. పూర్తిగా మానుతానని ఒట్టు వేసిన మనిషి ఒక్కసారి జారితే "ఇక నా వల్ల కాదు, అంతా పోయింది" అనుకుంటాడు, ఆ సిగ్గు, ఆ నిరాశ రెండో గ్లాసు తాగిస్తాయి, మొదటి గ్లాసు కంటే ఆ ఆలోచనే ఎక్కువ చెరుపు చేస్తుంది. ఆ ఆలోచన కూడా అలవాటుగా దానంతట అదే వచ్చేదే. మైండ్‌ఫుల్‌నెస్ అసలు ఉపయోగం ఇక్కడ ఉందని నేను నమ్ముతాను, ఎందుకంటే "అంతా పోయింది" అన్నది ఒక తలపు అని, నిజం కాదని ఆ నిమిషంలో పట్టుకోగలిగితే ఒక్క గ్లాసుతో ఇంటికి రాగలడు. మీ ఇంట్లో కూడా అలాంటప్పుడు "ఒట్టు తప్పావు" అనకుండా "ఏ టైంలో, ఎవరు పోశారు, ముందు ఏం జరిగింది" అని అడగండి. ఒట్టు వద్దు అనను, మీ నమ్మకం మీది. కానీ ఒట్టుతో పాటు జారితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.

గడ్చిరోలిలో 1993 నుంచి మద్య నిషేధం ఉంది, మన చంద్రపూర్‌లో 2015లో పెట్టి 2021లో ఎత్తేశారు. నిషేధం వల్ల దొరకడం కష్టమవుతుంది, అది మేలే, పైగా దాని కోసం పోరాడినవాళ్లలో మీలాంటి ఆడవాళ్లే ఎక్కువ. కానీ వంతెన అవతల దుకాణం తెరిచి ఉండగా మీ ఆయనకి సాయంత్రం ఆ దారి పట్టడమే తాగుడుని గుర్తుచేస్తుంది. మొదటి నెలల్లో అటు పనులు వేరేవాళ్లు చూసుకునేలా చూడండి. ఇంకొకటి, ఆయన తాగుడుకి నువ్వు కారణం కాదు. నీ ఉత్తరంలో, ఇక్కడ అచ్చువేయని భాగంలో, రెండు చోట్ల "నేనే సరిగా చూసుకోలేదేమో" అని రాశావు, అది చదివి నాకు చాలా బాధేసింది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్, రాత్రి 2 గంటల దాకా రీల్స్. ఇది జబ్బా? – అహేరి నుంచి ఒక తండ్రి

జవాబు: ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ వ్యసనం చేరింది, రీల్స్ చూడటం చేరలేదు. పేరు పెట్టకండి, వాడి ముందు అసలు అనకండి. చేయి దానంతట అదే ఫోన్ మీదికి పోవడం మాత్రం పైన ఖర్రా తమ్ముడు చెప్పినట్టే. రాత్రి ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టండి, అందరివీ, మీది కూడా. అలారం కోసం ఒక గడియారం కొనండి. పగలు ఫోన్ తీసినప్పుడల్లా "ఎందుకు తీశాను" అని తనని తానే ప్రశ్నించుకోవడం అలవాటు చేయండి, తిట్టడం వద్దు. చదువు, నిద్ర, తిండి మూడూ దెబ్బతింటుంటే అప్పుడు కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా అత్తమ్మకి అరవై దాటాయి. రోజంతా ఖర్రా. ధ్యానం గీనం అంటే నవ్వుతుంది. తంబాకు తీసేసి ఒట్టి సుపారీ ఇస్తే ఫరవాలేదా? ఈ వయసులో మాన్పించి లాభం ఉందా? – బల్లార్షా

జవాబు: ఒట్టి సుపారీ కూడా వద్దమ్మా. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ తెచ్చేదే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. బుగ్గల లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోకుండా అయ్యే జబ్బుకి ముఖ్య కారణం ఆ వక్కే. మహారాష్ట్రలో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరు ఇలా పొగ లేకుండా పొగాకు వాడేవాళ్లేనని 2016–17 జాతీయ సర్వే చెప్పింది, అందుకే ఇంట్లో ఎవరికీ ఇది పెద్ద విషయంగా కనిపించదు.

ఏ వయసులో మానినా లాభమే. ధ్యానం అనే మాట ఆమె దగ్గర ఎత్తకండి. మీ ఇద్దరూ కలిసి పనిచేసుకునేటప్పుడు, ఆమె పొట్లం తీస్తే "ఇప్పుడు ఎందుకు తినాలనిపించింది అత్తమ్మా" అని ప్రేమగా అడగండి, కోపంగా కాదు. చాలామంది పెద్దవాళ్లు "ఊరికే, ఏం తోచక" అంటారు, లేదా పంటి నొప్పి అంటారు. నొప్పి అయితే ఆ నొప్పికి వైద్యం ఉంది. పొట్లాలు ఒకేసారి దాచేయకండి, రోజుకి ఎన్ని తింటుందో ఆమెనే లెక్కపెట్టమని, ఒక్కొక్కదాన్ని కాస్త ఆలస్యంగా తినమని చెప్పండి.

దానికంటే ముందు, ఈ వారమే, వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించి చూడండి. ఆమె మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయా? బుగ్గల లోపల, నాలుక పక్కన తెల్లగానో ఎర్రగానో మచ్చ ఉందా? కారం తగిలితే మండుతోందా? రెండు వారాలు దాటినా మానని పుండు ఉందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, నొప్పి లేదని ఆగకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ల డాక్టర్‌కి చూపించండి. పోయేటప్పుడు ఆమె ఎన్నేళ్లుగా తింటోందో, ఏ వైపు బుగ్గలో పెట్టుకుంటుందో అడిగి రాసుకుని తీసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.